పిల్లలు పెద్దయ్యాక చూద్దాం అనలేదావిడ

మా అమ్మాయికి రెండో పురుడు పోయడానికి 2019లో అమెరికా వెళ్లాను. వాళ్లుండేది వర్జీనియాలో, వాషింగ్టన్ నగరానికి గంట దూరం. ఓ మధ్యాహ్నం పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంటే బల్ల మీద పెద్ద మనవడి పాస్‌పోర్టు కనిపించింది. వాడు అక్కడే పుట్టాడు కదా, వాడిది అమెరికా పాస్‌పోర్టు. ఊసుపోక పేజీలు తిప్పాను. వీసా ముద్రలు వేసే పేజీల మీద ఒక్కో మహానుభావుడి మాట అచ్చేశారు. జార్జి వాషింగ్టన్, కెన్నెడీ, మార్టిన్ లూథర్ కింగ్... అన్నీ మగవాళ్ల పేర్లే. చివరికొస్తుండగా ఒకే ఒక్క ఆడపేరు తగిలింది. అన్నా జూలియా కూపర్. స్వేచ్ఛ గురించి ఆవిడ రాసిన మాట అది.

ఎవరే ఈవిడ అని అమ్మాయినడిగితే, ఏమో అమ్మా, ఇన్నేళ్లుగా పాస్‌పోర్టు తీసుకెళ్తున్నాం గానీ ఎప్పుడూ చూడలేదంది. అయినా ఆ శనివారం లైబ్రరీకి వెళ్లి నాకోసం రెండు పుస్తకాలు తెచ్చిపెట్టింది. పిల్ల నిద్రపోయినప్పుడల్లా అవి ముందేసుకుని కూర్చున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషుతో మెల్లగానే చదివాను. చదువుతున్నకొద్దీ ఒక విషయం ముల్లులా గుచ్చుకోవడం మొదలెట్టింది.

అదేమిటో ముందే చెప్పేస్తాను. విమానం ఎక్కడానికి వారం ముందు మా అక్క కూతురు నా దగ్గరికి వచ్చింది. అక్క పోయాక నేనే పెంచాను దాన్ని. హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది. మూడేళ్లు గడిచాయి, ఇంకో రెండేళ్ల పని ఉంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పిన్నీ, మానేద్దామా అని అడిగింది. మానెయ్యమ్మా, పిల్లలు పెద్దయ్యాక చూసుకోవచ్చు అన్నాను. చాలా ప్రేమగానే అన్నాను. అది తలూపి వెళ్లిపోయింది.

ఇక అన్నా కూపర్ కథ వినండి.

బానిస ఇంట పుట్టిన పిల్ల

అన్నా 1858 ఆగస్టు 10న నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ పట్నంలో పుట్టింది. తల్లి హన్నా స్టాన్లీ ఒక తెల్లవారి ఇంట్లో బానిస. తల్లి బానిసైతే పుట్టే బిడ్డ కూడా బానిసే. అప్పటి చట్టం అది. తండ్రి ఆ యజమానే అయివుంటాడని అన్నా అనుకునేది. హన్నా మాత్రం సిగ్గుతో చితికిపోయేదే గానీ, ఆ ఊసు ఎన్నడూ ఎత్తలేదు. సిగ్గుపడాల్సిందెవరు, పడిందెవరు? ఎక్కడైనా ఇంతే కదా!

ఆ రాష్ట్రంలో బానిసలకు అక్షరాలు నేర్పడమే నేరం. 1830లో అందుకు చట్టం కూడా చేశారు. అన్నాకి మూడేళ్లొచ్చేసరికి అంతర్యుద్ధం మొదలైంది. పసిపిల్లల నోట రాబోయేది పలుకుతుందని అక్కడి పెద్దవాళ్లకో నమ్మకం. అందుకని నిద్రపోతున్న పసిదాన్ని లేపి మరీ, యుద్ధంలో ఎవరు గెలుస్తారో చెప్పమని అడిగేవారట. పాపం, వాళ్ల బతుకంతా ఆ జవాబు మీదే ఉంది మరి.

1865లో బానిసత్వం పోయింది. మూడేళ్లలో రాలీలో సెయింట్ అగస్టీన్స్ అనే బడి తెరిచారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు చదువు చెప్పి, టీచర్లుగా తయారుచేయడం దాని ఉద్దేశం. తొమ్మిదేళ్ల అన్నా స్కాలర్‌షిప్పుతో అందులో చేరింది. చేరిన కొద్దికాలానికే తనకంటే పెద్దవాళ్లకు కూడా పాఠాలు చెప్పేది.

ఆ బడిలో గ్రీకు భాష నేర్పే తరగతి పెట్టారు. మతబోధకులయ్యే మగపిల్లల కోసం అది. మగపిల్లాడు ఓ మాదిరిగా చదివినా చాలు, అతణ్ని పైకి తీసుకెళ్లడానికి బడంతా సిద్ధం. ఆడపిల్ల ఎంత చదివినా ఏం లాభం, ఆ మతబోధకుల్లో ఒకర్ని పెళ్లాడితే చాలు అన్నట్టుండేది వరస. అన్నా నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, నాకూ గ్రీకు కావాలని పట్టుబట్టింది. ఒప్పుకోక తప్పలేదు ఆయనకి.

తమాషా చూడండి. వాళ్లనుకున్నట్టే అన్నా 1877లో ఓ మతబోధకుడి చదువు చదివే అబ్బాయినే పెళ్లాడింది. పేరు జార్జి కూపర్. వెస్టిండీస్‌లోని నస్సావు నుంచి వచ్చినవాడు. ఆ సంసారం రెండేళ్లే. 1879లో జార్జి చనిపోయాడు. ఇరవై ఒక్క ఏళ్లకే అన్నా వితంతువైంది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత 84 ఏళ్లు బతికిందంటే లెక్కేసుకోండి.

ఏ గదిలోకి వెళ్లాలి?

1881లో అన్నా ఒక ఉత్తరం రాసింది. ఒహాయో రాష్ట్రంలోని ఒబర్లిన్ కాలేజీ అధ్యక్షుడికి. తను లాటిన్‌లో ఏమేం చదివిందో, గ్రీకులో ఏమేం చదివిందో, లెక్కల్లో ఎంతవరకు వచ్చిందో వివరంగా రాసి, ఫీజు కట్టుకునే స్తోమతు లేదు, సీటిచ్చి పనేదైనా ఇప్పించండని కోరింది. నల్లవాళ్లనీ ఆడవాళ్లనీ చేర్చుకునే కాలేజీలు అమెరికాలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. సీటొచ్చింది.

అక్కడా రెండు దారులు ఉన్నాయి. ఆడవాళ్లకి తేలికైన కోర్సు, మగవాళ్లకి పూర్తి డిగ్రీ కోర్సు. అన్నా ఏది తీసుకుందో చెప్పక్కర్లేదనుకుంటాను! 1884లో బీఏ పట్టా అందుకుంది. తనతో పాటే మరో ఇద్దరు నల్లజాతి అమ్మాయిలు, మేరీ చర్చ్, ఐడా గిబ్స్ కూడా పట్టా పుచ్చుకున్నారు. 1887లో లెక్కల్లో ఎంఏ వచ్చింది. అదే ఏడు వాషింగ్టన్‌లోని నల్లపిల్లల హైస్కూల్లో ఉద్యోగానికి పిలుపొచ్చింది. తర్వాత ఎం స్ట్రీట్ హైస్కూలుగా పేరుపడింది అదే. లెక్కలు, సైన్సు, ఆ తర్వాత లాటిన్ చెప్పింది.

1892లో ఆవిడ పుస్తకం వచ్చింది. దక్షిణాది నుంచి ఒక గొంతు అని దాని పేరుకి అర్థం. పుస్తకం మీద తన పేరు బదులు దక్షిణాదికి చెందిన ఒక నల్లజాతి స్త్రీ అని వేయించుకుంది. నల్లజాతి స్త్రీల ఆలోచనకి మూలగ్రంథాల్లో ఒకటిగా ఈనాడు దాన్ని యూనివర్సిటీల్లో చదువుతారు.

అందులో ఒక సంఘటన నా మనసులోంచి పోవడంలేదు. ఆవిడ రైల్లో వెళ్తూ ఓ పల్లెటూరి స్టేషన్లో ఆగింది. అక్కడ రెండు గదులు. ఒకదాని మీద స్త్రీలకు అని బోర్డు. ఇంకోదాని మీద నల్లవారికి అని బోర్డు. తను ఏ గదిలోకి వెళ్లాలి? ఆవిడ అక్కడే నిలబడి ఆలోచనలో పడింది.

పుస్తకమంతా ఆ ప్రశ్నే. జాతి ఉద్ధరణ అంటూ మాట్లాడే నల్లజాతి పెద్దమనుషులు తమ ఇంటి ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోరు. స్త్రీల హక్కులంటూ మాట్లాడే తెల్లజాతి మహిళలు నల్లజాతి ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోరు. వాషింగ్టన్‌లో అప్పుడొక మహిళా సంఘం ఉండేది. భార్యలు, తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదళ్లు కలిపి దానికి పేరు పెట్టుకున్నారు. ఎంత ముచ్చటైన పేరు! కానీ ఒక నల్లజాతి స్త్రీ చేరతానని వస్తే అక్కడి కార్యదర్శి కాదు పొమ్మంది. అన్నా కోప్పడలేదు, వెక్కిరించింది. మీ పేరులో తెల్లవారికి మాత్రమే అనే ముక్క కూడా కలుపుకోండని రాసింది.

పుస్తకం రాసి ఊరుకోలేదు. ఆ 1892లోనే వాషింగ్టన్‌లో నల్లజాతి మహిళల సంఘం పెట్టినవాళ్లలో తనూ ఒకతె. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ మహిళల సభలో మాట్లాడింది. 1900 జులైలో లండన్‌లో మొట్టమొదటి పాన్ ఆఫ్రికన్ సభ జరిగింది. ట్రినిడాడ్‌కి చెందిన హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్ పూనుకుని జరిపించిన సభ. ఆఫ్రికా నుంచి, కరీబియన్ దీవుల నుంచి, అమెరికా నుంచి నల్లజాతి మేధావులు మొదటిసారి ఒకచోట చేరారు. అక్కడ వేదికెక్కి మాట్లాడిన కొద్దిమంది ఆడవాళ్లలో అన్నా ఒకరు.

ప్రిన్సిపాల్ పదవి, అవమానం

1902లో ఆవిడ ఎం స్ట్రీట్ హైస్కూలుకి ప్రిన్సిపాల్ అయింది. నల్లపిల్లలకి వడ్రంగం, కుట్టుపని, వంటపని నేర్పితే చాలు, పెద్ద చదువులెందుకు అనే వాదం అప్పుడు బలంగా ఉండేది. తెల్లవాళ్లే కాదు, నల్లజాతిలో బాగా పలుకుబడి ఉన్న బుకర్ టి. వాషింగ్టన్ కూడా చేతిపనుల చదువుకే పెద్దపీట వేశాడు. చేతిపనిని అన్నా తక్కువ చేయలేదు. ఏ పిల్లకి ఏ చదువు పనికొస్తుందో పిల్లని చూసి తేల్చాలి గానీ ఒంటిరంగుని చూసి కాదంది. లాటిన్, లెక్కలు తగ్గించడానికి ఒప్పుకోలేదు. ఆవిడ హయాంలో ఆ బడి పిల్లలు హార్వర్డ్, యేల్ లాంటి చోట్ల సీట్లు తెచ్చుకున్నారు.

అదే కొంపముంచింది. క్రమశిక్షణ లేదన్నారు. అనుమతిలేని పుస్తకాలు చెబుతోందన్నారు. వెనకబడ్డ పిల్లల మీద జాలి ఎక్కువన్నారు. అవేవీ చాలక, ఇంట్లో పెట్టుకుని పెంచిన ఓ అనాథ కుర్రవాడు పెద్దవాడై అదే బడిలో టీచరైతే, అతనితో ముడిపెట్టి నీలాపనిందలేశారు. ఒంటరి ఆడదాన్ని దించాలంటే లోకానికి సులువైన దారి ఇదే! 1906లో ఆవిడని మళ్లీ నియమించకుండా వదిలేశారు.

నలభై ఎనిమిదేళ్ల వయసులో మూటాముల్లె సర్దుకుని మిస్సోరీ రాష్ట్రానికి వెళ్లి అక్కడో కాలేజీలో నాలుగేళ్లు పాఠాలు చెప్పింది. 1910లో మళ్లీ పిలిచారు. ప్రిన్సిపాల్‌గా కాదు, మామూలు లాటిన్ టీచరుగా. ఒకప్పుడు తను ఏలిన బడికి ఉద్యోగినిగా తిరిగొచ్చింది. మనమైతే పౌరుషానికి పోదుమేమో. ఆవిడకి పిల్లలు ముఖ్యం.

అయిదుగురు పిల్లలు, ఒక డాక్టరేటు

ఆ అవమానాన్ని ఆవిడ చదువుతో కడుక్కుంది. 1911 నుంచి వరసగా మూడు వేసవి సెలవులు ప్యారిస్ వెళ్లి ఫ్రెంచి సాహిత్యం చదువుకుంది. 1914లో న్యూయార్కులోని కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేటుకి చేరింది. అప్పటికి ఆవిడకి 56 ఏళ్లు దగ్గరపడ్డాయి.

అంతా గాడిన పడిందనుకునేసరికి 1915 డిసెంబరులో అయిదుగురు పిల్లలు ఇంటికొచ్చారు. వాళ్లు అన్నా సవతి సోదరుడి మనవలు, తల్లిలేని పిల్లలు. పెద్దపిల్లకి పన్నెండేళ్లు. అన్నిటికంటే చిన్నది ఆర్నెల్ల పసిగుడ్డు. వాళ్లందరినీ ఆవిడ తెచ్చుకుని పెంచుకుంది. వాళ్లకు చోటు సరిపోయేలా వాషింగ్టన్‌లో లెడ్రాయిట్ పార్క్ పేటలో పెద్ద ఇల్లు కొంది.

ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాకు ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ చరిత్రలో సీటొచ్చిన ఏడే మా అక్క పోయింది. దాని పిల్లలిద్దరూ నా దగ్గరికొచ్చారు. సీటు వదిలేశాను. దానికి నాకేం బాధలేదు, ఇప్పటికీ లేదు. కానీ వాళ్లు పెద్దయ్యాక? మా అమ్మాయి కాలేజీకి వెళ్లాక? ఎవరడిగినా కుదర్లేదండీ అనేదాన్ని. పిల్లల్ని పెంచానన్నది నిజం. అదే నాకొక దాపరికం కూడా అయిందన్నది ఇంకో నిజం.

కొలంబియాలో ఏడాదిపాటు అక్కడే ఉండి చదవాలని నిబంధన. అయిదుగురు పిల్లల్నీ, ఉద్యోగాన్నీ వదిలి న్యూయార్కులో ఏడాది కూర్చోవడం కుదరని పని. సరే, ఆ దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుక్కుంది. అప్పటిదాకా చదివిన చదువుని ప్యారిస్‌లోని సోర్బాన్‌కి మార్పించుకుంది. పగలు పాఠాలు, సాయంత్రం పిల్లలు, వాళ్లు పడుకున్నాక తన చదువు. ఏళ్ల తరబడి ఇంతే.

1924లో ప్యారిస్‌లో పాతకాగితాలు వెతకడానికి బడికి సెలవు పెట్టి ఓడెక్కింది. సగంలో ఉండగా స్నేహితురాలి దగ్గర్నుంచి తంతి వచ్చింది. అరవై రోజుల్లోగా రాకపోతే ఉద్యోగం తీసేస్తారట, జాగ్రత్త అని. ఉద్యోగం పోతే పింఛనూ పోతుంది, పిల్లల తిండీ పోతుంది. కావలసిన కాగితాలకు నకళ్లు రాసి పంపే ఏర్పాటు చేసి, ఆదరాబాదరా ఓడెక్కింది. సరిగ్గా అరవయ్యో రోజు ఉదయం తొమ్మిది గంటలకి తరగతిగదిలో అడుగుపెట్టింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారట! మిగిలిన పని వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కూర్చుని, బడి లేని వేళల్లో పూర్తిచేసింది.

ఇంత తాపత్రయపడి ఏ విషయం మీద రాసిందంటారా? ఫ్రెంచి విప్లవకాలంలో ఫ్రాన్సు దేశం బానిసత్వం పట్ల ఎలా నడుచుకుందీ అన్నదాని మీద. 1789లో ప్యారిస్‌లో మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాపరులు, సమానులు అని ప్రకటించారు. మనమంతా స్కూల్లో చదువుకున్నదే. అదే సమయంలో ఆ దేశానికి సెయింట్ డొమింగ్ అని ఒక వలసరాజ్యం ఉంది. ఇప్పటి హైతీ అదే. అక్కడ దాదాపు 5 లక్షలమంది నల్లజాతి బానిసలు చెరకు తోటల్లో, కాఫీ తోటల్లో చాకిరీ చేస్తున్నారు. ఆ ప్రకటన వీళ్లకీ వర్తిస్తుందా?

తోటల యజమానులు ప్యారిస్‌లో క్లబ్బు పెట్టుకుని మరీ ఆ ప్రశ్న సభకి రాకుండా అడ్డుకున్నారు. బానిసల తరఫున మాట్లాడే సంఘం ఒకటున్నా దాని బలం చాల్లేదు. చివరికి 1791లో బానిసలే తిరగబడ్డారు. 1794లో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేయక తప్పలేదు. 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు. నల్లజాతి నాయకుడు టూసాన్ లూవర్చూర్‌ని పట్టుకెళ్లి ఫ్రాన్సులో చెరసాలలో పెట్టాడు. అక్కడే చనిపోయాడాయన. అయినా ఆయన వెనక నిలిచినవాళ్లు పోరాడి 1804లో హైతీకి స్వాతంత్య్రం తెచ్చుకున్నారు. ప్యారిస్ విప్లవాన్నీ ఈ దీవి కథనీ విడదీసి చెప్పడం కుదరదని అన్నా తేల్చింది. ఎక్కడో సముద్రం అవతల బానిసల్ని మరిచిపోయిన విప్లవం తన మాట తనే తప్పిందంది.

రైల్వేస్టేషన్లో రెండు బోర్డుల ముందు నిలబడ్డ పిల్లకి ఈ విషయం ఎందుకు తోచిందో అర్థమైంది కదూ? అందరూ అని ఎవరైనా అంటే, ఆ అందరిలో ఎవరు లేరో చూడటం ఆవిడకి అలవాటు.

1925 మార్చి 23న సోర్బాన్‌లో పండితుల ముందు నిలబడి, వాళ్ల దేశచరిత్ర గురించి వాళ్ల భాషలోనే జవాబులు చెప్పి గెలిచింది. అప్పుడు ఆవిడ వయసు 66. డాక్టరేటు అందుకున్న నాలుగో నల్లజాతి అమెరికన్ మహిళ. అంతకు ముందు ముగ్గురికి 1921లో వచ్చింది. చదువుకునో, పాఠాలు చెప్పో ఆ ముగ్గురికీ ఎం స్ట్రీట్ బడితో సంబంధం ఉందంటే ఆ బడి ఎలాంటిదో చూడండి. ఆ డిసెంబరులో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో సభ పెట్టి పట్టా చేతికిచ్చారు.

ఇల్లే కాలేజీ

1930లో హైస్కూలు నుంచి రిటైరైంది. డెబ్భై రెండేళ్లు. ఇక కృష్ణా రామా అనుకునే వయసు. ఆవిడ ఫ్రెలింగ్‌హైసెన్ అనే చిన్న కాలేజీకి అధ్యక్షురాలైంది. పగలంతా కూలిపనులు, ఇంటిపనులు చేసుకునే నల్లజాతి వాళ్లు సాయంత్రాలు వచ్చి చదువుకునే చోటది. ఆ కాలేజీకి భవనం లేకుండా పోతే, తన ఇంట్లోనే తరగతులు పెట్టింది. అక్షరం రానివాళ్ల కోసం పెట్టిన విభాగానికి తల్లి హన్నా స్టాన్లీ పేరు పెట్టింది. అక్షరం నేర్పడం నేరమైన కాలంలో బానిసగా బతికిన తల్లి పేరు ఒక బడికి! ఇది చదివినప్పుడు మాత్రం నాకు కన్నీళ్లాగలేదు.

1964 ఫిబ్రవరి 27న ఆ ఇంట్లోనే కన్నుమూసింది. 105 ఏళ్లు బతికింది. బానిసగా పుట్టిన మనిషి పోయిన అయిదు నెలల్లోపే, జులైలో, రంగునిబట్టి వేరుచేయడం చెల్లదనే పౌరహక్కుల చట్టం వచ్చింది. రాలీలో, భర్త జార్జి పక్కనే ఆవిడని పాతిపెట్టారు. 84 ఏళ్ల తర్వాత మళ్లీ పక్కపక్కన.

పేరు ఎలా మాయమవుతుందో

ఇంత చేసిన మనిషిని చాలాకాలం ఎవరూ తలుచుకోలేదు. నల్లజాతి మేధావుల్లో శిఖరంలాంటివాడు డబ్ల్యు.ఇ.బి. డుబాయ్స్. ఆయన 1920లో స్త్రీల గురించి గొప్ప వ్యాసం రాస్తూ అన్నా పుస్తకంలోని మాటలు తీసుకున్నాడు. పేరు మాత్రం రాయలేదు. మన ఆడవాళ్లలో ఒకరు అని ఊరుకున్నాడు. ఆయనేమీ చెడ్డవాడు కాదు, ఆడవాళ్ల తరఫునే రాస్తున్నాడు. అయినా పేరు జారిపోయింది. అలాగని ఈవిడ ఆయన మీద అలగలేదు. బానిసత్వం పోయిన తర్వాతి రోజుల్లో నల్లవాళ్లేదో దేశాన్ని పాడుచేశారని 1929లో ఒక పుస్తకం వస్తే, దీనికి జవాబు మీరే రాయాలని ఆయనకి ఉత్తరం రాసి వెంటపడింది. 1935లో ఆయన ఆ కాలం మీద రాసిన మహాగ్రంథం వచ్చింది.

హైతీ విప్లవం అనగానే అందరూ ట్రినిడాడ్ రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ 1938లో రాసిన పుస్తకాన్ని చెబుతారు. గొప్ప పుస్తకమే. దానికి పదమూడేళ్ల ముందే అన్నా ఆ దారిన నడిచింది. ఆవిడ పుస్తకం ఫ్రెంచిలోంచి ఇంగ్లీషులోకి రావడానికి 1988 దాకా పట్టింది. 2009లో ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ల వేశారు. అంతకు రెండేళ్ల ముందు పాస్‌పోర్టులోకెక్కింది.

ఒక ఆదివారం అల్లుడు మమ్మల్ని లెడ్రాయిట్ పార్క్‌కి తీసుకెళ్లాడు. రోడ్లు కలిసేచోట చిన్న గుండ్రటి తోట ఉంది. దానికి ఆవిడ పేరే పెట్టారు. దానికి దగ్గర్లోనే ఆవిడ ఇల్లు. బయట్నుంచే చూశాం. మెట్లు, వరండా, పెద్ద పెద్ద కిటికీలు. అయిదుగురు పిల్లలు పరిగెత్తిన వరండా అదే, రాత్రిబడి విద్యార్థులు బూట్ల దుమ్ము దులుపుకుని లోపలికి నడిచిన మెట్లు అవే అనుకుంటూ నిలబడ్డాను. ఒళ్లో మనవరాలు గుర్రుపెట్టి నిద్రపోతోంది.

ఆ రాత్రి, మనకి తెల్లారే వేళకి, హైదరాబాదుకి ఫోను చేశాను. ముందు పిల్లల దగ్గులూ జలుబులూ మాట్లాడుకున్నాం. తర్వాత నేను ఆ రోజు చెప్పింది తప్పని చెప్పాను. అది ఏమీ మాట్లాడలేదు. గైడుకి మానేస్తానని చెప్పేశావా అనడిగితే, వచ్చేవారం చెబుదామనుకుంటున్నానంది. చెప్పకు, నేను తిరిగొచ్చాక వారంలో మూడు రోజులు పిల్లలిద్దర్నీ నా దగ్గర దించిపో అన్నాను. నీ మోకాళ్లో పిన్నీ అంది. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నీ అధ్యాయాల సంగతి చూసుకో అన్నాను. అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

అన్నా కూపర్‌లా అందరూ చేయగలరా అంటే, చేయలేరు. ఆవిడ ఒంటిచేత్తో మోసిందని, మనింటి ఆడపిల్లల్ని కూడా ఒంటిచేత్తోనే మొయ్యమనడం అన్యాయం. ఆవిడకి వారంలో మూడు రోజులు పిల్లల్ని చూసే పిన్ని ఒకతె ఉంటే, ఆ డాక్టరేటు అరవై ఆరేళ్లదాకా ఆగేది కాదేమో. నాకు మాత్రం ఆవిడ దగ్గర ఒకటి బోధపడింది. ఇంటిల్లిపాదీ బాగుండాలని మనం రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం. ఆ ఇంటిల్లిపాదిలో ఎవరి పుస్తకం మూతపడిందో ఓసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు పెద్దయ్యాక చూద్దాం అనే మాట ఎవరి నోటా రాకూడదు. వస్తే, మొదట నేనే ఒప్పుకోను.